యాప్యశబ్ద విచారము – ఉబ్బసపు మందులు పనిచేయు తీరు

యాప్యమను పదము నేటి తెలుగు వాడుకలో నిలువలేదు. నిఘంటువులలో ఉన్నది, ఆయుర్వేద పాఠము చెప్పువారి నోట ఉన్నది. రోగి నోట మాత్రము లేదు. రోగి అడుగునది ఒక్కటే: నయమగునా, కాదా? ఈ రెంటికి నడుమ మూడవ స్థితి యొకటి కలదని చరక సుశ్రుతులు స్పష్టముగా చెప్పిరి. చికిత్స సాగుచున్నంత కాలము అణగియుండి, అది ఆగినంతనే తల యెత్తు వ్యాధి యాప్యము. పోవుట అను అర్థముగల 'యా' ధాతువునకు ప్రేరణార్థమున 'యాపయతి' అగును. నడిపించుట, కాలము గడపించుట అని భావము. అనగా రోగమును తుడిచిపెట్టుట కాదు, రోగముతోడనే రోగిని క్షేమముగా నడిపించుట. సుశ్రుతుడు దీనికొక ఇంటిని ఉపమానముగా తెచ్చెను. కూలుటకు సిద్ధముగానున్న ఇంటికి తగిన చోట నాటిన ఊతకంబము ఎట్టిదో, యాప్యరోగికి చికిత్స అట్టిది. కంబము ఉన్నంతవరకు ఇల్లు నిలుచును. ఇల్లు నిలిచియున్నదిగదా అని కంబమును తీసివేయు గృహస్థుడు లేడు.

ఉబ్బసమునకు చరకసంహితలోని పేరు తమకశ్వాసము. దానిని చరకుడు యాప్యమనియే నిర్ణయించెను. క్రొత్తగా పుట్టినదైనచో సాధ్యము కావచ్చునని ఒక సడలింపు కూడ ఇచ్చెను. నేటి వైద్యులు ఉబ్బసమునకిచ్చు మందులలో ముఖ్యమైనది ఈ ఊతకంబము వంటిదే. రోగులలో పలువురు మొదట మానునదియు అదియే. ఈ వైపరీత్యమునకు మూలము మందులు పనిచేయు తీరు తెలియకపోవుట. అందుచేత ఆ తీరును శాస్త్రశబ్దములతోడను, నేటి విజ్ఞానముతోడను కలిపి పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

విషయమును గాలిలో మాటగా విడువక ఒక స్థలమునకు కట్టి చూచుట మేలు. హైదరాబాదునకు తూర్పున ఉప్పల్, నాచారం అను రెండు పేటలు కలవు. తార్నాక నుండి ఉప్పల్ వైపు సాగు రోడ్డు మీద రసాయనశాస్త్రమునకు, జీవశాస్త్రమునకు పేరుగాంచిన సంస్థలు ఉన్నవి. హైదరాబాదు రాజ్యకాలమున 1944లో మొదలై, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలయై, 1989లో నేటి పేరు పొందిన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.) అందొకటి. 1985 నుండి 1995 వరకు దానికి డైరెక్టరుగానున్న ఎ.వి. రామారావు పదవీవిరమణ పిమ్మట స్థాపించిన ఆవ్రా లేబొరేటరీస్‌కు నాచారం పారిశ్రామికవాడలోనే స్థానము కలదు. జీవకణమును పరిశోధించు సి.సి.ఎం.బి. హబ్సీగూడ వద్ద ఉన్నది. నగరమునకు మరొక దిక్కున బొంతపల్లి, పాశమైలారములలో న్యూలాండ్ సంస్థవారు సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం వంటి ఉబ్బసపు మందుల మూలద్రవ్యములను తయారుచేసి దేశాంతరములకు పంపుచున్నారు. ఇంత విద్య, ఇంత మందు ఒక్క నగరమున ఉన్నవి. ఆ రోడ్డునకే ఆనుకొని కర్మాగారములలో పనిచేయు కూలీల వాడలున్నవి. నాచారమున కార్మికుల ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి వంతెన పని ఏండ్ల తరబడి సాగి ఆ రహదారిని దుమ్ముమయము చేసినది.

తమకశ్వాసమునకు కారణములు చెప్పునపుడు చరకుడు మొట్టమొదట పేర్కొన్నవి దుమ్ము, పొగ, గాలి. తరువాత చల్లని చోటు, చల్లని నీరు. రోగము పెచ్చరిల్లు సమయములుగా మబ్బు, వాన, చలి, తూర్పుగాలులను చెప్పెను. ఈ జాబితాను చేతబట్టుకొని జూన్ మాసపు ముసురులోనో, పొగ నేలను విడువని పుష్యమాసపు వేకువనో నాచారం చౌరస్తాలో నిలిచినవానికి వ్యాఖ్యానము అక్కరలేదు. రోగలక్షణములు కూడ అంతే యథార్థముగా వర్ణింపబడినవి. ప్రతిలోమగతి పొందిన వాయువు స్రోతస్సులను చేరి, కఫమును రేపి, పడిసెము పుట్టించి, గొంతులో ఘుర్ఘురధ్వని కలిగించును. పండుకొనిన ఊపిరాడదు, కూర్చున్నచో కొంత హాయి. కఫము వెడలినపుడు క్షణకాలము ఉపశమనము. వేడివస్తువులయందు కోరిక. అర్ధరాత్రి మంచముపై లేచి కూర్చుండి, మోకాళ్లపై చేతులూని ఊపిరికై పెనుగులాడు మనిషిని చూడకుండ ఈ అధ్యాయమును వ్రాయుట సాధ్యము కాదు.

పేర్లను గూర్చి కొంత. శ్వస్ ధాతువునకు ఊపిరి పీల్చి విడుచుట అర్థము. శ్వాసము నిజమునకు రోగము పేరు కాదు, బ్రతుకు పేరు. వికృతి చెందినపుడు అదే పేరు రోగమునకును నిలిచినది. తమ్ ధాతువునకు ధాతుపాఠమున కాంక్షార్థము చెప్పబడినను, ప్రయోగమున ఊపిరాడక సొమ్మసిల్లుట కూడ కలదు. రోగి చీకటిలో ప్రవేశించినట్లుండునని చరకుడు చెప్పుటచేత తమశ్శబ్దసంబంధమును కూడ వ్యాఖ్యాతలు గ్రహింతురు. గాలికై కాంక్ష, గ్లాని, చీకటి – మూడును రోగియందు పొసగునవే. తెలుగువారి ఉబ్బసమను మాటలో 'ఉబ్బు' వినబడును. వ్యుత్పత్తి ఏదైనను అర్థము తగినది. ఈ రోగమున లోపలికి పోయిన గాలి బయటకు పూర్తిగా రాక ఊపిరితిత్తులు నిజముగనే ఉబ్బును. కష్టము గాలి పీల్చుటయందు కంటె విడుచుటయందే ఎక్కువ. తెలంగాణమున దీనిని దమ్ము అందురు. పారసీమున 'దమ్' అనగా ఊపిరి. శ్వాసశబ్దమునకు పట్టిన గతియే దానికిని పట్టినది. ఆయాసమను సంస్కృతశబ్దమునకు శ్రమ అని అర్థము. తెలుగున అది రొప్పుగా మారినది.

ఇక రోగము లోపల జరుగునదేమి? ఊపిరితిత్తులలో చెట్టుకొమ్మలవలె చీలుచు పోవు గొట్టములు శ్వాసనాళములు. వానిని చుట్టి మన ఇచ్ఛకు లోబడని మెత్తని కండరము కలదు. లోపలి వైపున పలుచని పొర, జిగట స్రవించు గ్రంథులు ఉన్నవి. ఉబ్బసరోగి నాళములలో ఎడతెగని వాపు ఉండును. రోగి బాగుగానున్న దినములలో కూడ అది పూర్తిగా పోదు. ఈ వాపుచేత నాళములు అతిసున్నితములై, ఇతరులను బాధింపని దుమ్మునకు, పొగకు, చలిగాలికి వెంటనే ముడుచుకొనును. కండరము బిగియును, పొర ఉబ్బును, జిగట పేరుకొనును. ఈ మూటిలో కండరపు బిగువు నిమిషములలో వచ్చును, నిమిషములలో సడలింపవచ్చును. వాపు అట్లు కాదు. దినములలో పెరుగును, వారములలో తగ్గును. ఉబ్బసపు మందులు రెండు తెగలుగా చీలుటకు ఈ భేదమే కారణము. బిగువును సడలించునవి ఒక తెగ, వాపును అణచునవి మరియొక తెగ. మొదటివానిని ఉపశమనులు, రెండవవానిని యాపనులు అని వ్యవహరించినచో శాస్త్రసమ్మతముగా నుండును.

ఉపశమనులలో ముఖ్యమైనది సాల్బుటమాల్. దాని పూర్వచరిత్ర మూత్రపిండములపైనుండు అడ్రినల్ గ్రంథులతో మొదలగును. భయమునందు, ఆవేశమునందు ఆ గ్రంథులు స్రవించు అడ్రినలిన్‌ను శుద్ధరూపమున వేరుచేసినట్లు జపాను రసాయనవేత్త తకమినె 1901లో ప్రకటించెను. అది నాళములను సడలించును గాని గుండెను కూడ పరుగెత్తించును. ఇదే కోవకు చెందిన ఓషధి ఎఫెడ్రా. చీనాదేశమున ఇది ప్రాచీనౌషధము. 1885లో నగాయి అను మరొక జపానీయుడు దానినుండి ఎఫెడ్రిన్‌ను వేరుచేసెను, 1924 నుండి చెన్, ష్మిట్ అనువారి పరిశోధనల వలన అది లోకమంతట వ్యాపించెను. మన ఔషధవిపణిలో ఎఫెడ్రా సోమలత అను పేరిట అమ్మబడుచున్నది. అదియే వేదోక్తమైన సోమమా కాదా అను వివాదము ఇచట అప్రస్తుతము.

కణముల పైపొరపై కొన్ని గ్రాహకములుండును. తాళపు చెవికి తాళమువలె ఒక్కొక్క రసాయనమునకు ఒక్కొక్క గ్రాహకము. అడ్రినలిన్ తెరచు తాళములలో గుండెపై ఎక్కువగానున్నది బీటా-1 అనియు, శ్వాసనాళ కండరముపై ఎక్కువగానున్నది బీటా-2 అనియు 1967లో తేలినది. రెండవదానిని మాత్రమే తెరచు చెవి దొరికినచో గుండెదడ లేకుండ ఊపిరి దక్కును. ఇంగ్లండులో అలెన్ అండ్ హాన్‌బరీస్ అను మందుల సంస్థలో డేవిడ్ జాక్ బృందము ఆ కాలముననే సాధించిన చెవి సాల్బుటమాల్. దీని పేరును సమాసమువలె విడదీయవచ్చును: 'సాల్' సాలిజెనిన్ నుండి, 'బుట్' బ్యూటైల్ నుండి, 'ఆమ్' అమైన్ నుండి వచ్చినవి, 'ఓల్' ఆల్కహాలు జాతికి గుర్తు. విగ్రహవాక్యము చెప్పదగిన మందుల పేర్లు అరుదు. పీల్చిన కొద్ది నిమిషములలో ఇది బీటా-2 గ్రాహకమున కూర్చుండును. కణము లోపల సైక్లిక్ ఎ.ఎం.పి. అను వార్తాహరుని పరిమాణము పెరుగును, కండరమును బిగించు సున్నపుధాతువు కణములో తగ్గును, కండరము సడలును. ఈ సుఖము 4 నుండి 6 గంటలు నిలుచును. వాపు మాత్రము ఉన్నచోటనే ఉండును.

మందును నోట మ్రింగక ఊపిరితో పీల్చుటలోని లాభము అంకెలతో చూచినపుడు తెలియును. సాల్బుటమాల్ పంపు (ఇన్‌హేలరును రోగులు పిలుచు పేరు ఇదే) ఒక్కమారు నొక్కినచో వెలువడునది 100 మైక్రోగ్రాములు. మాత్ర 2 లేదా 4 మిల్లిగ్రాములది. అనగా 4 మిల్లిగ్రాముల మాత్ర 40 నొక్కుల మందునకు సమానము. అదంతయు కడుపునుండి నెత్తురులో కలిసి శరీరమెల్ల తిరిగి ఊపిరితిత్తులకు ఆలస్యముగా చేరును. దారిలో చేతులను వణికించును, గుండెను దడదడలాడించును. అయినను మాత్ర 'మెత్తని మందు' అనియు, పంపు 'గట్టి మందు, ఆఖరి మందు' అనియు వాడవాడల నమ్మకము పాతుకొన్నది. ఇంతకంటె తలక్రిందులైన లెక్క వైద్యమున మరియొకటి లేదు.

ఈ పంపు పుట్టుకలో ఒక ముచ్చట కలదు. అమెరికాలో రైకర్ అను మందుల సంస్థ అధిపతికి ఉబ్బసముగల చిన్న కుమార్తె యుండెను. జుట్టుకు చల్లుకొను పరిమళద్రవ్యము డబ్బాలో వచ్చుచుండగా నా మందు ఏల రాదని ఆమె తండ్రిని అడిగెనట. ఆ ప్రశ్ననుండి 1956లో మీటర్డ్ డోస్ ఇన్‌హేలర్ వెలసెను. బాలుర నోటినుండియైనను మంచిమాట గ్రహింపవలెనను నీతికి ఇది చక్కని ఉదాహరణము.

ఉపశమనులలో రెండవ శాఖకు మూలము ఉమ్మెత్త. ఆ కథలో మన దక్షిణదేశమునకు స్థానము కలదు. ఎండిన ఉమ్మెత్తను కాల్చి పొగ పీల్చుట ఇచట నాటువైద్యమున ఉండెను. చెన్నపట్టణమున ఈస్టిండియా కంపెనీకి ప్రధానవైద్యుడుగానున్న జేమ్స్ ఆండర్సన్ దానిని గమనించి వాడెను. 1802లో జనరల్ జెంట్ అను సేనాని ఆ చికిత్సను బ్రిటనునకు కొనిపోయెను. తరువాత నూరేండ్లకు పైగా ఐరోపాలో ఉబ్బసపు చుట్టలు, సిగరెట్లు అమ్మబడినవి. ఉమ్మెత్తలోని అట్రోపిన్ వంటి క్షారములు పనిచేయు మార్గము వేరు. నాళములను బిగింపుమని నాడులు పంపు ఆజ్ఞను మోయునది అసిటైల్‌కోలిన్; అది చేరు తాళమును ఇవి అడ్డుకొనును. ఆజ్ఞ అందని కండరము బిగియదు, గ్రంథులు స్రవింపవు. అయితే అట్రోపిన్ మెదడును కూడ చేరును. ఉమ్మెత్త తిన్నవాని వెర్రి లోకమెరిగినదే. రసాయనవేత్తలు అట్రోపిన్ అణువులోని నత్రజనికి మరొక చిన్న శాఖను తగిలించి, దానికి స్థిరమైన విద్యుదావేశము కలిగించిరి. అంతటితో అది మెదడు గడప దాటలేకపోయెను. ఆ విధముగ వచ్చినది ఇప్రాట్రోపియం. దినమునకు ఒక్కమారు చాలునట్టి టియోట్రోపియం దాని తరువాతిది. భైషజ్యరత్నావళిలోని కనకాసవమునందు ఉమ్మెత్తయే ప్రధానము. దానిని వైద్యుని చెప్పుచేతలలో తప్ప వాడరాదు. ఉమ్మెత్తాకు ఇంట కాల్చి పొగ పట్టుట అంతకంటె ప్రమాదము.

తక్కిన వానిని త్వరగా దాటవచ్చును. తేయాకులో లేశముగానుండు థియోఫిలిన్ కూడ నాళములను సడలించును. మేలు చేయు మోతాదునకు, కీడు చేయు మోతాదునకు నడుమ దూరము చాల తక్కువ. వాంతులు, గుండె లయ తప్పుట, మూర్ఛ కలుగవచ్చును. చౌకయగుటచేత నేటికిని మాత్రల రూపమున విరివిగా వ్రాయబడుచున్నది. అడ్డసరములోని వాసిసిన్‌ను 1888లో డేవిడ్ హూపర్ వేరుచేసెను. దాని నమూనాపై బ్రోమ్‌హెక్సిన్, దానినుండి ఆంబ్రాక్సాల్ వచ్చినవి. ఇవి దగ్గులో కఫమును పలుచబరచును గాని ఉబ్బసమునకు ఆధారమైన మందులు కావు. సూత్రస్థానమున చరకుడు చెప్పిన శ్వాసహరదశకములో – శఠి, పుష్కరమూలము, అమ్లవేతసము, ఏలకి, ఇంగువ, అగరు, తులసి, నేలయుసిరిక, జీవంతి, చండ – అడ్డసరము లేకపోవుట విద్యార్థులు గమనింపదగినది.

ఇప్పుడు యాపనులు. కార్టిసోన్ పరిశోధనకు 1950లో కెండాల్, హెంచ్, రైక్‌స్టైన్ అను మువ్వురికి నోబెల్ బహుమానము లభించెను. అది ఉబ్బసపు వాపును అద్భుతముగా అణచెను గాని, దీర్ఘకాలము మాత్రలుగా మ్రింగినవారికి ముఖము ఉబ్బుట, ఎముకలు గుల్లబారుట, చక్కెరవ్యాధి, పిల్లలలో ఎదుగుదల కుంటుపడుట కనబడినవి. 1972లో బెక్లోమెథసోన్ పీల్చుమందుగా వచ్చుటతో ఈ చిక్కు చాలవరకు వీడెను. బుడెసొనైడ్, ఫ్లుటికసోన్ దాని అనుజములు. వీని పని నాళపు పైపొరలో కాదు, కణగర్భమున. మందు కణములో ప్రవేశించి తన గ్రాహకముతో కూడి కేంద్రకమునకు పోయి, వాపును పుట్టించు పదార్థములను తయారుచేయుమను జన్యువుల ఆదేశములను అణచును. ఇయోసినోఫిల్ అను తెల్లకణముల రాక తగ్గును, పొర వాపు తీయును, జిగట తగ్గును. సాల్బుటమాల్ కూర్చుండవలసిన బీటా-2 గ్రాహకముల సంఖ్య కూడ పెరుగును. ఇదంతయు గంటలలో మొదలై దినములలో తెలియవచ్చి, వారములకు పూర్తియగును.

రోగి మోసపోవు చోటు ఇదియే. ఉపశమని పీల్చగనే సుఖము. యాపని పీల్చినచో ఏమియు తెలియదు. ప్రత్యక్షమే ప్రమాణమనుకొనువానికి మొదటిది మందు, రెండవది దండుగ. నెల దినములు వాడి ఊపిరి కుదుటబడినపిదప నయమైనదని రెండవదానిని మానివేయును. ఇల్లు నిలిచినదని ఊతకంబమును పెరికివేయుట ఇట్టిదే. కొన్ని వారములకు వాపు తిరిగి వచ్చును. అప్పుడు నీలిరంగు పంపు పట్టుకొనును. రోజుకు రెండుమార్లు, నాలుగుమార్లు, పదిమార్లు. ఒక రాత్రి అది పనిచేయదు.

ఉపశమనిని మాత్రమే నమ్ముకొనుటలోని అపాయమును లోకము రెండుమార్లు చవిచూచెను. 1960 దశకమున బ్రిటన్ మొదలగు దేశములలో గాఢమైన ఐసోప్రినలిన్ పంపులు వాడుకలోనున్న కాలమున యువకుల మరణములు పెరిగెను. న్యూజీలండున 1970ల చివర ఫెనొటెరాల్ విషయమున అట్లే జరిగెను. 12 గంటలు పనిచేయు సాల్మెటెరాల్ వచ్చినపుడు కూడ, యాపని తోడు లేక దానినే వాడుట కీడని పరీక్షలలో తేలినది. 1993లో ఏర్పడిన గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్తమా వారు 2019లో తమ సూచనలను మార్చిరి: పెద్దలకు, కౌమారవయస్కులకు సాల్బుటమాల్ ఒక్కదానినే చికిత్సగా ఇయ్యరాదు. కొద్దిపాటి స్టెరాయిడుతో ఫార్మొటెరాల్ కలిపిన పంపును, అవసరమైనపుడు ఉపశమనిగా కూడ, వాడుట మేలనిరి. ఫార్మొటెరాల్ నిమిషములలో పనిచేసి 12 గంటలు నిలుచును గనుక ఒక్క పీల్పులోనే రెండు తెగలును కలిసివచ్చును.

చరకుని చికిత్సాసూత్రమొకటి ఇచట స్మరణీయము. శ్వాసరోగమున కఫమును హరించి వాతమును పెంచు మందును గాని, వాతమును హరించి కఫమును పెంచు మందును గాని ఏకాంతముగా వాడరాదని ఆయన నిషేధించెను. బిగువు వాతమనియు, వాపుజిగటలు కఫమనియు సమీకరణము వ్రాసి ప్రాచీనులు అన్నియు ఎరుగుదురని చాటుట పాండిత్యము కాదు. రెండు శాస్త్రముల పరిభాషలు వేరు, ప్రమాణములు వేరు. చరకోక్తమైన ధూమద్రవ్యములలో పాషాణజాతికి చెందిన మణిశిల, హరితాళములు ఉన్నవి. వానిని నేడెవ్వరును పొగగా పీల్వరాదు. అయినను ఒక ముఖమునే చూచి చేయు చికిత్స ఈ రోగమున హానికరమను వివేకము రెండు చోట్లను ఒక్కటిగా నుండుట గుర్తింపదగినది.

యాపనులపై గల భయములలో మొదటిది స్టెరాయిడు అను పేరు. పీల్చు మోతాదు మైక్రోగ్రాములలో ఉండును. పీల్చిన పిదప నోరు పుక్కిలించి ఉమ్మివేసినచో నోటిలో తెల్లపూత కూడ చాలవరకు రాదు. ఈ భయముచేత పంపును విడిచినవారు తెలియకయే ఎక్కువ స్టెరాయిడు మ్రింగుచుండుట విషాదము. పేరు లేని పొట్లములలో 'మూలికల పొడి'గా అమ్మబడు కొన్నిటిలో స్టెరాయిడు మాత్రల పొడి కలిపియుండుట దేశమున పలుమార్లు బయటపడినది. అది అద్భుతముగా పనిచేయును, చేయకేమి? ఆకలి పెరుగును, ముఖము నిండును, రోగి మురియును. కొన్ని నెలలు తిని హఠాత్తుగా ఆపినచో, అంతవరకు నిద్రించిన అడ్రినల్ గ్రంథులు మేల్కొనలేక ప్రాణాపాయము కలుగును. తెలియని మందును చరకుడు విషముతో పోల్చినది ఇందులకే. ద్రవ్యమును పేరుతో, రూపముతో, ప్రయోగముతో ఎరుగవలెనన్న శాస్త్రమునకు రహస్యపు పొట్లము విరుద్ధము.

హైదరాబాదున ఉబ్బసము మాట వచ్చినపుడు చేపమందును దాటిపోరాదు. దూద్‌బౌలికి చెందిన బత్తిని వారి కుటుంబము 1845 నుండి మృగశిర కార్తె ప్రవేశించు దినమున కొరమీను పిల్ల నోట మందుముద్ద పెట్టి ఉచితముగా మ్రింగించుచున్నదని ప్రసిద్ధి. శాకాహారులకు బెల్లముతో ఇత్తురు. తరువాతి కాలమున అది నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమునకు మారెను. కరోనా కారణమున 2020 నుండి మూడేండ్లు ఆగి 2023లో తిరిగి జరిగెను. వానలు దిగు కార్తెను ఎన్నుకొనుట ఉబ్బసపు స్వభావమెరిగినవారి పని. చేపమందు అను పేరు కాలక్రమమున చేపప్రసాదమైనది. ఈ పేరుమార్పు న్యాయమైనది. ప్రసాదమును శ్రద్ధతో స్వీకరింతురు, దానికి పరీక్ష లేదు. ఔషధమనినచో ద్రవ్యములు చెప్పి పరీక్షకు నిలువవలెను. చేప మ్రింగినవానితో ఎవరికిని తగవు లేదు. చేప మ్రింగితినిగదా అని పంపును మానువాని విషయముననే ఆందోళన. 2019 నాటి ప్రపంచ రోగభార గణనమున ఉబ్బసరోగులలో భారతీయులు సుమారు 13 శాతము, ఉబ్బసమరణములలో 40 శాతమునకు పైన. రోగము ఇచట ప్రత్యేకముగా క్రూరమైనది కాదు. యాపని అందకపోవుట, అందినను మానుట ఈ వ్యత్యాసమునకు ముఖ్యకారణములు.

అందకపోవుటకు నేడు సాకు కొంత తగ్గినది. 2022 జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలో బుడెసొనైడ్, బుడెసొనైడ్–ఫార్మొటెరాల్, సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం, టియోట్రోపియం ఉన్నవి. ఇ.ఎస్.ఐ. చీటీ గల కార్మికునకు మందు ఉచితము. కాని రోజుకూలి పోగొట్టుకొని వరుసలో నిలుచుట ఉచితము కాదు. చీటీయే లేని ఒప్పందపు కూలీలు పారిశ్రామికవాడలలో తక్కువ కారు.

వాడు విధము తెలియనిచో మందు ఉన్నను లేనట్లే. పంపును బాగుగా కదపవలెను. ముందు ఊపిరిని నెమ్మదిగా పూర్తిగా విడువవలెను. పెదవులను బిగించి, ఊపిరి తీయుట మొదలిడునపుడే నొక్కి, నిదానముగా లోతుగా పీల్వవలెను. పది లెక్కించు వరకు ఊపిరి బిగపట్టవలెను. పూరకము, కుంభకము, రేచకము ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. సరిగా పీల్చినను మందులో అధికభాగము గొంతులోనే ఆగును. ఊపిరితిత్తులకు చేరునది ఐదవవంతో అంతకు తక్కువో. నోటికి, పంపునకు నడుమ స్పేసర్ అను డొల్లగొట్టమును ఉంచినచో చేరునది పెరుగును, నొక్కుటకు పీల్చుటకు పొంతన కుదరని పిల్లలకు, వృద్ధులకు సుకరమగును. పొడిమందు గొట్టములకు విధి వేరు. అచట నెమ్మదిగా కాక బలముగా వేగముగా పీల్వవలెను.

రోగి తన స్థితిని తానే తూచుకొనుటకు వైద్యులు చెప్పు లెక్కయొకటి ఉన్నది. నీలిరంగు ఉపశమని డబ్బాలో సాధారణముగా 200 నొక్కులుండును. ఏడాదికి మూడు డబ్బాలు లేక అంతకు మించి ఖర్చగుచున్నచో ఉబ్బసము అదుపులో లేదనియు, తీవ్రమైన దాడి రాదగుననియు గ్రహింపవలెను. నెలకొక డబ్బా, అనగా ఏడాదికి 12, ఖర్చు చేయువానికి ప్రాణభయము స్పష్టముగా హెచ్చు. ఇంటిలో ఖాళీ డబ్బాలను పారవేయక ఒకచోట ఉంచి, ఆసుపత్రికి పోవునపుడు వెంట కొనిపోయినచో, నాడి చూడకముందే వైద్యునకు సగము సంగతి తెలియును.